పాస్ ఔట్

పాస్ ఔట్ అనునది ఆంగ్లములో ముఖ్యంగా సంభాషణలలో వినిపించే ఒక పదబంధ క్రియ. తెలుగువారు దీనిని "చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకొను" అనే అర్థంలో వాడుతారు. అమెరికా, బ్రిటన్‌లలో మాత్రం ఈ మాట వినగానే స్ఫురించే అర్థం "స్పృహ తప్పు".

అర్థాలు

"హి పాస్డ్ ఔట్" అనగా అతడు సొమ్మసిల్లాడు అని అర్థం. కారణం ఎండ, నీరసం, జబ్బు ఏదైనా కావచ్చును. అతిగా మద్యం సేవించి పడిపోవడాన్ని కూడా తరచుగా ఇలాగే చెబుతారు. ఈ అర్థంలో ఇది అకర్మక క్రియ. "పంచిపెట్టు" అనే మరొక అర్థంలో సకర్మకం; అప్పుడు "పాస్ ది పేపర్స్ ఔట్" అని కర్మను మధ్యలో చేర్చవచ్చును.

బ్రిటిష్ ఆంగ్లములో సైనిక శిక్షణ ముగించుకొని బయటకు వచ్చుటకు కూడా ఇదే మాట ఉన్నది. హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో జరిగే "పాసింగ్ ఔట్ పరేడ్" ఆ కోవకు చెందినదే. కళాశాలలకు సంబంధించిన భారతీయ వాడుక దీనికి దగ్గరది. కనుక దానిని కేవలం తప్పు అని కొట్టివేయడం సబబు కాదు.

తెలుగులో వాడుక

హైదరాబాదు తూర్పు భాగంలోని ఏఎస్ రావు నగర్, 1967లో స్థాపించబడిన ఇసిఐఎల్ సంస్థ ఉద్యోగుల కాలనీగా ఏర్పడి, ఆ సంస్థ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు పొందినది. ఇటువంటి ఉద్యోగుల కాలనీలలో "మా అబ్బాయి 2008 పాసౌట్" అంటే ఎవరికీ సందేహం రాదు. ఇక్కడ క్రియ కాస్తా నామవాచకమైనది. "పాసయ్యాడు" అంటే పరీక్ష గట్టెక్కాడని, "పాసౌట్ అయ్యాడు" అంటే కోర్సు ముగించి కళాశాల విడిచాడని తేడా కూడా ఏర్పడినది.

జాగ్రత్తలు

విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే దరఖాస్తులలో "గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2008" అని వ్రాయుట మేలు. "ఐ పాస్డ్ ఔట్ ఇన్ కాలేజ్" అంటే కళాశాలలో మూర్ఛపోయానని చదువుకొంటారు. పిల్లల వద్దకు అమెరికా వెళ్ళిన పెద్దలకు ఇది మరింత ముఖ్యం. అక్కడి వైద్యుడు "డిడ్ హి పాస్ ఔట్?" అని అడిగితే రోగి స్పృహ కోల్పోయాడా అని అడుగుతున్నట్లు, జవాబును బట్టి చికిత్స మారవచ్చును. దీనిని "పాస్ అవే"తో కలగాపులగం చేయరాదు. ఆ మాటకు మరణించు అని అర్థం.