నూరేళ్ల ముంగిట మాడపాటి బాలికోన్నత పాఠశాల

హైదరాబాద్: నారాయణగూడలో 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలగా ప్రారంభమై, అనంతర కాలంలో తన స్థాపకుని పేరునే ధరించిన మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాలకు 2028తో నూరు సంవత్సరాలు నిండుతాయి. నిజాం రాజ్యంలో తెలుగు బాలికలకు మాతృభాషలో ఉన్నత విద్య నందించాలన్న సంకల్పంతో వెలసిన ఈ సంస్థ చరిత్ర, తెలంగాణలో ఆంధ్రోద్యమ చరిత్రతో పెనవేసుకున్నది.

ఆ చరిత్రకు నాంది 1921 నవంబరులో పడింది. హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరిగింది. ఆంగ్లం, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభికులు శ్రద్ధగా ఆలకించారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగం ప్రారంభించగానే సభలో గేలి, అల్లరి చెలరేగాయి. రాజ్య జనాభాలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన మర్యాద అది! మనస్తాపం చెందిన తెలుగువారు పదకొండుమంది ఆ రాత్రే సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆ సంఘ కార్యభారాన్ని వహించినవారిలో అగ్రగణ్యులు శ్రీ మాడపాటి హనుమంతరావు.

కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో 1885 జనవరి 22న జన్మించిన శ్రీ మాడపాటి తెలంగాణలో పెరిగి, హనుమకొండలో ఉద్యోగం చేసి, పిదప హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు. ఉర్దూ, పారశీక భాషలలో ఆయన నిష్ణాతులు. 'ముషీరె దక్కన్' ఉర్దూ పత్రికకు సంపాదకీయాలు సైతం వ్రాశారు. ఆయన తెలుగు కోసం పాటుపడినది ఉర్దూపై ద్వేషంతో కాదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పాఠశాలను నెలకొల్పడం ఒక ఎత్తు, పై తరగతులకు గుర్తింపు పొందడం మరొక ఎత్తు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. ఉన్నత పాఠశాలలలోనూ అదే విధానం అమలులో ఉండేది. తెలుగులో చదివిన బాలికకు పరీక్ష వ్రాసే మార్గమే లేకపోతే ఆ చదువుకు విలువ ఉండదు. ఈ చిక్కుకు పరిష్కారం రాజ్యం వెలుపల దొరికింది. దేశభాషలలో స్త్రీలకు విద్య గరపేందుకు 1916లో కర్వే పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి ఈ పాఠశాలను అనుబంధం చేశారు. తెలుగు మాట గేలికి గురైన నాటి సభకు అధ్యక్షత వహించిన మహనీయుని విద్యాసంస్థయే తెలుగు బాలికలకు పరీక్షల ద్వారం తెరవడం గమనార్హం.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. స్త్రీవిద్య ఆ ఉద్యమానికి అనుబంధ విషయం కాదు, ప్రధాన విషయాలలో ఒకటి. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు శ్రీ మాడపాటి స్వయంగా అధ్యక్షత వహించారు. ఆనాటి ఘట్టాలను 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అనే గ్రంథంలో ఆయన పొందుపరచారు.

'ఆంధ్ర పితామహుడు'గా ప్రసిద్ధి కెక్కిన శ్రీ మాడపాటి 1951లో హైదరాబాదు నగర మేయరు పదవిని చేపట్టారు. 1955లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగా వ్యవహరించి, 1970 నవంబరు 11న కన్నుమూశారు.