సూర్యకుమారిని ఎక్కడ వెతకాలి?

చల్లపల్లి కోట ముందు నుంచి బస్సు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ఎస్టేటు రైతుల పోరాటాలతో పాటు ఒక సినిమా కూడా గుర్తొస్తుంది. 1939లో వచ్చిన 'రైతుబిడ్డ'. జమీందారీ దౌర్జన్యాన్ని నిలదీసిన ఆ సినిమాకి పెట్టుబడి పెట్టింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు. మిగతా జమీందార్లు మండిపడ్డారు, నిషేధం దాకా వెళ్ళింది వ్యవహారం. జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక సినిమా ఎలా వచ్చిందన్న విచిత్రం గురించి మన సినిమా చరిత్రకారులు బోలెడు రాశారు. బళ్ళారి రాఘవ నటన గురించీ, కొసరాజు పాటల గురించీ, ఈ పక్కనే ఉన్న కూచిపూడి నుంచి వెళ్ళిన వేదాంతం రాఘవయ్య నాట్యం గురించీ రాశారు. అందులో నటించిన, పద్నాలుగేళ్ళయినా నిండని ఒక ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు ఎక్కువగా కనిపించేది ఒక్క వాక్యమే: టంగుటూరి సూర్యకుమారి, ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు.

ఆ ఒక్క వాక్యం ఊరికే పుట్టలేదు. సినిమాల్లో చేసే ఆడవాళ్ళని కళావంతుల ఇళ్ళవాళ్ళనీ, 'కుటుంబ స్త్రీల'నీ విడదీసి చూసే కాలమది. 1925లో రాజమండ్రిలో పుట్టి, 1937లో 'విప్రనారాయణ'తో తెరమీదికొచ్చిన పిల్లకి పెదనాన్న పేరు ఒక రక్ష. ఆ రక్షే తర్వాత ఆమె చిరునామా అయి కూర్చుంది.

రెండో చిరునామా ఆమె గొంతు. శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి' పాటని గ్రామఫోను రికార్డు మీద ఇంటింటికీ చేర్చింది ఆమె. అది రాష్ట్రగీతమయ్యాక బళ్ళో మేమంతా గొంతెత్తి పాడాం. ఆ బాణీ ఎవరి గొంతులోంచి మా దాకా వచ్చిందో ఏ టీచరమ్మా చెప్పలేదు. మేమూ అడగలేదనుకోండి.

సినిమా తారల జీవితాలంటే మనకి విషాదం కావాలి. 'బాలనాగమ్మ' తర్వాత కాంచనమాల మౌనం, సావిత్రి చివరి రోజులు. వీటిని ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. 2018లో 'మహానటి'కి జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు, నేనూ తుడుచుకున్నాను. కానీ పాడైపోని, పని మానని, ఎవరి జాలీ అడగని నటి కథ ఎలా చెప్పాలో మనకి అలవాటు కాలేదు.

సూర్యకుమారి 1952లో నర్గీస్, రాజ్‌కపూర్‌లతో కలిసి భారత సినీ ప్రతినిధిగా అమెరికా వెళ్ళింది. 1955లో 'ఉడన్ ఖటోలా'లో దిలీప్‌కుమార్‌ని కోరుకునే రాణిగా కనిపించింది. ఆరేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో మళ్ళీ రాణి వేషమే. అయితే ఈ రాణి వేరు. టాగూర్ 'రాజా' నాటకానికి కృష్ణా షా చేసిన ఇంగ్లీషు ప్రదర్శనలో సుదర్శన. చీకటిగదిలో తప్ప ఎదురుపడని భర్తని వెలుగులో చూసి తీరాలని పట్టుబట్టే స్త్రీ. మరొకణ్ణి చూసి రాజనుకుంటుంది, పొరబడ్డానని సిగ్గుపడుతుంది, కోట వదిలి వెళ్ళిపోతుంది, చివరికి కాలినడకన తిరిగొస్తుంది. ఆ లొంగుబాటు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ చూడాలన్న ఆ పట్టుదల మీదే నాటకమంతా నడుస్తుంది, దాన్ని మోయాల్సింది నటే. బ్రాడ్‌వే పెద్ద థియేటర్లకి అవతల, చిన్న హాల్లో ఆడిన ఆ నాటకానికి ఆమెకి 1961లో ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు వచ్చింది. పరాయి భాషలో, పరాయి ఊళ్ళో, పెదనాన్న ఎవరో తెలియని ప్రేక్షకుల ముందు.

1965లో లండన్ చేరి, 'ఇండియా పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్' పేరుతో సంస్థ పెట్టి పాటా ఆటా నేర్పింది. నలభై ఎనిమిదో ఏట, 1973లో, హెరాల్డ్ ఎల్విన్ అనే రచయితని పెళ్ళి చేసుకుంది. ఆయన బొమ్మలు గీసేవాడు, కుండలు కూడా చేసేవాడు. 1985లో ఆయన పోయాడు. ఆమె మరో ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి, 2005 ఏప్రిల్ 25న కన్నుమూసింది.