మైదానమున చేరికల ఋతువు

ఫుట్‌బాల్ ఆట తొంబది నిముషములలో ముగియును. దానిని గూర్చిన వాదము ముగియదు. ఆట లేని నెలలలోనే ఆ వాదము ముదురునని చెప్పినచో మన శ్రోతలలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున కలకత్తా నగరమున సంవత్సరములు గడపినవారిని అడిగినచో నిజము తెలియును. చలి వెనుదిరిగి, లీగు పోటీలు ఇంకను మొదలుకాని వేసవి తొలినాళ్ళలో అచట బంతి కనబడకున్నను వీధి అరుగులమీద, ట్రాములలో, టీ దుకాణముల ముందు ఫుట్‌బాల్ తప్ప వేరు మాట వినబడెడిది కాదు. ఈ యేడు ఎవరు పోవుచున్నారు? ఎవరు వచ్చుచున్నారు? ఎవరికెంత ముట్టినది? వంగభాషలో ఈ ఋతువునకు 'దల్‌బదల్' అని పేరు. జట్టు మార్పిడి యని అర్థము.

ఆ మైదానమున 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1891లో పుట్టిన మొహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ అను మూడు సంఘములు ముఖ్యమైనవి. మోహన్ బగాన్ 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన కథ అందరును ఎరిగినదే. దానిని తిరిగి చెప్పము. ఈస్ట్ బెంగాల్ జననము మాత్రము మన విషయమునకు మిక్కిలి దగ్గరది. 1920 జూలై 28న జొరాబగాన్ జట్టు మోహన్ బగానుతో ఆడవలసియుండెను. ఆనాటి జట్టులో తూర్పు వంగమువాడైన శైలేశ్ బోసునకు చోటు లేకపోయెను. ఆతనిని ఏల తప్పించిరని అడిగి, తగిన సమాధానము పొందజాలక, ఆ సంఘపు ఉపాధ్యక్షుడు సురేశ్‌చంద్ర చౌదరి పదవి విడిచి బయటికి వచ్చెను. కొన్ని దినములలోనే క్రొత్త సంఘము వెలసెను. పదునొకండుగురి పట్టికలో ఒక పేరు లేకపోవుటచే నూరేండ్లకు మించి నిలిచిన వైరము పుట్టినది! పట్టికలను గూర్చి పోట్లాడు అభిమానులను చూచి నవ్వువారు ఈ సంగతి మరువరాదు.

ఇక ఒప్పందముల సంగతి. ఇందు ఒక చిత్రమున్నది. ఇంగ్లండులో ఆటగానికి జీతము బాహాటముగా ఇచ్చిరి, పత్రము వ్రాసిరి. కాని 1893 నుండి అమలైన పద్ధతినిబట్టి, గడువు తీరినను పాత సంఘము విడువనిదే ఆతడు మరియొక చోట ఆడరాదు. జీతమునకు గరిష్ఠ పరిమితి కూడ ఉండెను; 1961లో ఆ పరిమితిని ఎత్తివేయునాటికి అది వారమునకు 20 పౌనులు. 1963లో జార్జి ఈస్ట్‌హామ్ అను ఆటగాడు న్యాయస్థానమునకు ఎక్కిన పిమ్మటగాని ఆ కట్టు సడలలేదు. కలకత్తాలో దీనికి తలక్రిందులు. ఇచట ఆటగాడు పేరునకు ఔత్సాహికుడు. ఆటకై సొమ్ము పుచ్చుకొనరాదు. కాని సొమ్ము చేతులు మారుచునే యుండెను. ఆతడు ఏటేట సూటర్‌కిన్ వీధిలోని ఐ.ఎఫ్.ఏ. కార్యాలయమునకు వచ్చి, తాను ఏ జట్టున ఆడదలచెనో సంతకము చేయును. ఒక ఋతువు గడచినచో స్వేచ్ఛ అతనిదే. ఇంగ్లండువానికి పత్రముండెను, స్వేచ్ఛ లేకుండెను. కలకత్తావానికి స్వేచ్ఛ యుండెను, పత్రము లేకుండెను. మాట ప్రకారము సొమ్ము ముట్టకపోయినచో చూపుటకు కాగితము ముక్కయైనను లేదు. కాలు విరిగినవాని గతి చెప్పనక్కరలేదు. రైల్వేలోనో, బ్యాంకులోనో ఉద్యోగము దొరికినవాడే ధన్యుడు.

పత్రము లేనిచోట వదంతి రాజ్యమేలును. సంతకమునకు ముందు ఆటగానిని ఎదుటి సంఘమువారు ఎత్తుకొనిపోకుండ రహస్యపు ఇండ్లలో దాచుట, అభిమానులే కావలి కాయుట, కార్యాలయము ముందు వీధి నిండ జనము మూగుట—ఇవి వార్తాపత్రికలకు ఆనాటి నిత్యభోజనము. పెండ్లివారింట కూడ అంత సందడి యుండదు.

ఈ కథలో మన దక్షిణాదివారి పాలు పెద్దది. ఈస్ట్ బెంగాల్ 1949 నుండి వరుసగా మూడేండ్లు షీల్డు గెలిచిన దినములలో ఆ జట్టు ముందు వరుసను 'పంచపాండవులు' అనిరి. వారు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురిలో ఒక్కడును వంగీయుడు కాడు. అప్పారావు ఆంధ్రదేశమువాడు. పేరువిని శ్రోతలు ఇదివరకే గ్రహించియుందురు.

ఆ కాలముననే హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదు సంవత్సరములు వరుసగా బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచెను. రాష్ట్రపు జట్టు 1956, 1957 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఇంతటి ఆటగాండ్రున్న ఊరిపై కలకత్తా సంఘములవారి కన్ను పడకుండునా? సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్ చేరెను. 1961లో దానికి నాయకుడయ్యెను. తరువాత వంగదేశమందే స్థిరపడి 2023లో కన్నుమూసెను. 1966లో నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్ వెళ్ళిరి. రహీమ్ 1963లో మరణించుటయు, ప్రతిభ గలవారు ఏటేట రైలెక్కుటయు—ఈ రెండును కలిసి హైదరాబాదు ఆటను కృంగదీసినవని మా అభిప్రాయము. వెళ్ళినవారిని మేము తప్పు పట్టము. ఇచట దొరకు చిన్న నౌకరీని నమ్ముకొని ఉండుడని వారితో ఎవరు చెప్పగలరు?

హబీబు మార్గమును చూచినచో కలకత్తా అభిమానుల మనఃస్థితి బోధపడును. 1966లో ఈస్ట్ బెంగాల్, 1968లో మోహన్ బగాన్, 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్, 1975లో మొహమ్మడన్, 1976లో మరల మోహన్ బగాన్. వెళ్ళిన ప్రతిసారియు ఒక పేటలో ద్రోహి. మరియొక పేటలో అల్లుడు. తిరిగివచ్చినచో నిన్నటి తిట్లన్నియు గంగపాలు! ఉద్యోగపు నీడను కోరక ఆటనే వృత్తిగా ఎంచుకొన్నవాడు గనుక సొమ్ము ఎక్కువ ఇచ్చినచోటికి పోవుట ఆతనికి న్యాయమేయని కొందరును, రంగు చొక్కాకు నీతి యుండవలెనని కొందరును వాదించిరి. ఆతని తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ పక్షమున ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17వ క్షణముననే గోలు చేసిన నాడు, అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ వంటివారి వ్యాఖ్యానమునకు అలవడిన వంగదేశపు రేడియోల ముందు ఎందరు సరిగా కూర్చొనకమునుపే ఆ కేక వినియుందురో!

1980 నాటి చేరికలు అన్నిటికంటె ఘోరమైనవి. ఈస్ట్ బెంగాల్ ఆటగాండ్రు గుంపుగా మొహమ్మడనుకు తరలిపోయిరి. జట్టు ఖాళీయయ్యెను. అపుడు అలీగఢ్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇరాన్ యువకులు మజీద్ బిష్కర్, జంషీద్ నస్సీరీ వచ్చిరి. హబీబు మరల వచ్చెను. పోయినవారి పేర్లను ఏకరువు పెట్టి దుఃఖించినవారే కొలది నెలలలో మజీదును నెత్తిన పెట్టుకొనిరి.

1996లో జాతీయ లీగు మొదలైన తరువాత వ్రాతపూర్వకములైన ఒప్పందములు క్రమముగా వచ్చినవి. సంతకపు వీధిలో జనము తగ్గినది. అట్లని వాదము తగ్గలేదు; ఆటగాని ఒప్పందమునుండి సంఘపు ఒప్పందమునకే ప్రాకినది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఏ.టి.కె. అను సంస్థతో కలిసినపుడు తమ జట్టు పేరునకు ముందు ఆ మూడక్షరములు నిలుచుట అభిమానులు సహింపలేదు. 2023లో ఆ అక్షరములు తొలగినవి. ఈస్ట్ బెంగాలులో పెట్టుబడి పెట్టిన సంస్థతో తుది పత్రముపై సంతకము చేయవలెనా వలదా యని తగవు పుట్టగా, 2021 జూలై 21న సంఘపు డేరా యెదుట అభిమానులే రెండు పక్షములై నిలిచిరి. పోలీసులు లాఠీలు ఝళిపించిరి. సంతకము చేయనిదే జట్టు ఆడజాలదని ఒక పక్షము. చేసినచో సంఘమే మనది కాకుండపోవునని మరియొక పక్షము. ఇరుపక్షములవారి చొక్కాలును ఎఱుపు పసుపులే. ఆగస్టులో ముఖ్యమంత్రి కల్పించుకొనిన పిమ్మట ఆ యేటికి జట్టు ఆడెను.

కొన్నియేండ్ల క్రిందట మేము ఆ మైదానము దాపున ఒక టీ దుకాణము ముందు మట్టి పిడతతో నిలిచియుంటిమి. ప్రక్కనున్న వృద్ధుడు మా ఊరేదని అడిగెను. హైదరాబాదంటిమి. "హబీబు ఊరా?" అని ఆతడు ముఖము వికసింపజేసి, వెంటనే బొమలు ముడిచి, 1975లో హబీబు మొహమ్మడనుకు ఏల పోయెనో చెప్పుమని మమ్ము నిలదీసెను. మా పిడతలోని టీ చల్లారిపోయినది.