భూతద్దం తెరకెక్కిన వైనం

ఫోన్ వాడకం నేర్పే వీడియోల్లో, పాత దస్తావేజులు చూపే డాక్యుమెంటరీల్లో ఒక గుండ్రటి వలయం తరచూ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న బొమ్మ అలాగే ఉంటుంది, వలయం లోపలి అక్షరమో మీటో మాత్రం పెద్దదవుతుంది. ఎడిటర్లు దీన్ని మాగ్నిఫై ఎఫెక్ట్ అంటారు. కంప్యూటర్లు రావడానికి ఎంతో ముందే ఇది పుట్టింది.

1900లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, బ్రైటన్ ప్రాంతంలో జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ ‘గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్’ అనే చిట్టి సినిమా తీశారు. బామ్మ దగ్గరున్న పిల్లవాడు ఆమె భూతద్దం అందుకుని వార్తాపత్రికను, గడియారాన్ని, పంజరంలోని పిట్టను, బామ్మ కంటిని, పిల్లికూనను చూస్తాడు. వాడు చూసిందల్లా నల్లటి తెర నడుమ గుండ్రంగా, పెద్దగా మన కళ్లముందుకొస్తుంది.

ఆ దృశ్యాల్ని స్మిత్ భూతద్దంలోంచి తీయలేదు. గుండ్రటి రంధ్రమున్న నల్లటి మాస్క్‌ను కెమెరా ముందు అమర్చి, ఒక్కో వస్తువునూ దగ్గరగా, విడిగా తీశారు. ఆ ముక్కల్ని దూరపు షాట్ల మధ్య అతికించారు. అంటే తెరమీది భూతద్దం మొదటి నుంచీ ఎడిటింగ్ సృష్టే.

కంప్యూటర్‌లో ఇది ముందు చిత్రకారుడి పనిముట్టుగా వచ్చింది. 1984లో మెకింటాష్‌తో పాటు విడుదలైన మాక్‌పెయింట్‌లో బిల్ అట్కిన్సన్ ‘ఫ్యాట్‌బిట్స్’ అనే సదుపాయం కల్పించారు. బొమ్మలో కొంత భాగాన్ని పెద్దది చేసుకుని ఒక్కో చుక్కనూ దిద్దుకోవచ్చు. అసలు సైజు బొమ్మ మూలన చిన్న కిటికీలో కనిపిస్తూనే ఉంటుంది. 1993లో జెరాక్స్ సంస్థ పరిశోధనశాల ‘పార్క్’లోని పరిశోధకులు తెరమీద ఎటైనా జరుపుకోగల ‘మ్యాజిక్ లెన్స్’లను ప్రతిపాదించారు. అదే ఏడాది వీడియోలకు ఎఫెక్టులు జోడించే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకొచ్చింది, మరుసటి ఏడు అడోబీ చేతికి చేరింది. నేడు అందులోని మాగ్నిఫై ఎఫెక్ట్‌లో వలయం కేంద్రం, సైజు, ఎంత శాతం పెంచాలి, అంచు ఎంత మెత్తగా ఉండాలి అన్నవన్నీ ఎడిటర్ చేతిలోనే ఉంటాయి. కేంద్రం ఏ క్షణంలో ఎక్కడుండాలో చెప్పే గుర్తులు, అంటే కీఫ్రేములు, పెడితే వలయం కదులుతూ పోతుంది.

అయితే గాజు భూతద్దానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. గాజు అసలు వస్తువు మీది వెలుగునే కంటికి చేరుస్తుంది. సాఫ్ట్‌వేర్ దగ్గర ఉన్నవి కెమెరా ఇచ్చిన పిక్సెళ్లే. 200 శాతం పెంచితే ఒక పిక్సెల్ ఉన్నచోట నాలుగు కావాలి. ఆ లోటును సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పూడుస్తుంది. బైలీనియర్ పద్ధతి చుట్టూ ఉన్న 4 పిక్సెళ్లను, బైక్యూబిక్ 16 పిక్సెళ్లను చూసి కొత్త రంగును అంచనా వేస్తుంది. క్యూబిక్ పద్ధతికి గట్టి గణిత పునాది వేసిన రాబర్ట్ కీస్ పరిశోధన పత్రం 1981లో వెలువడింది.

ఈ అంచనాల మీద కోర్టులోనూ వాదన జరిగింది. 2021లో అమెరికాలోని కెనోషాలో ఒక హత్య కేసు విచారణలో, ఐప్యాడ్ మీద వీడియోను పెద్దది చేసి చూపడానికి డిఫెన్స్ లాయర్ అభ్యంతరం చెప్పారు. అలా చేసినా దృశ్యం మారదని రుజువు చేసే బాధ్యతను జడ్జి ప్రాసిక్యూషన్ మీదే పెట్టారు.

అందుకే పెద్దది చేసి చూపాలనుకున్నదాన్ని తీసేటప్పుడే పెద్దగా తీయాలి. 3840×2160 సైజులో తీసిన వీడియోను 1920×1080లో విడుదల చేస్తే, వలయంలో రెండింతల దాకా కెమెరా చూసిన వివరమే ఉంటుంది. ఆ క్లిప్‌ను ముందే కుదించి సేవ్ చేస్తే ఆ లాభం పోతుంది. రెండింతలు దాటాక కనిపించే నునుపు సాఫ్ట్‌వేర్ ఊహ. అందానికైతే అది చాలు. సాక్ష్యంగా చూపేటప్పుడు మాత్రం పెంచని ఫ్రేమును కూడా పక్కనే ఉంచడం ఎడిటర్ ధర్మం.