లాట్: చీటీ నుంచి నేల దాకా

ఆక్లండ్‌లో ఇల్లు కొన్న తెలుగువారి హక్కుపత్రంలో స్థలం వివరం సాధారణంగా ‘లాట్’ అనే మాటతో మొదలవుతుంది: లాట్ ఫలానా, డిపాజిటెడ్ ప్లాన్ ఫలానా. వీధిలో మాత్రం ఆ స్థలాన్ని ‘సెక్షన్’ అంటారు. ఇంగ్లిషులో ‘లాట్’కు ‘బోలెడు’ అన్న అర్థమూ ఉన్నా, దానికి అక్కడివాళ్ల నోట ‘హీప్స్’ తరచుగా వినబడుతుంది. అంటే ‘కుప్పలు’. పత్రంలో మిగిలిన ‘లాట్’ మాత్రం పాత కథ మోస్తోంది.

పాత ఇంగ్లిషులో ‘హ్లొట్’ అంటే చీటీ. మన పల్లెల్లో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు మడత పెట్టిన కాగితాలు చెంబులో వేసి, పసివాడి చేత తీయిస్తారు. అలాంటిదే. చీటీ పేరు క్రమంగా దక్కిన వాటాకు, ఆ పైన నుదుటి రాతకు వచ్చింది. మన ‘పాలు’ కూడా ఇంతే: పొలంలో పాలు ఉంది, ‘అగ్గిపాలు’ కూడా ఉంది. వేలంలో ఒకే పాటకు పెట్టే సరుకూ లాటే అయింది. గుంటూరు మిర్చి యార్డులో ఆ మాట మనకూ అలవాటే. కుప్పగా ఉన్న సరుకు నుంచి ‘చాలా’ అన్న అర్థం 19వ శతాబ్దంలో వాడుకలో స్థిరపడింది. మన ‘పాలు’ ఆ మెట్టు ఎక్కలేదు.

న్యూజిలాండ్ నేల కథ కూడా చీటీతోనే మొదలైంది. 1839 జులై 29న లండన్‌లో, అక్కడికి వలసలు నడిపే న్యూజిలాండ్ కంపెనీ భూమికి లాటరీ తీసింది. మొత్తం 1,100 భాగాలు. ఒక్కో భాగంలో కట్టబోయే పట్నంలో ఒక ఎకరం, బయట 100 ఎకరాలు. ధర 101 పౌన్లు. అప్పటికి నేల కొనడానికి బయలుదేరిన ‘టోరీ’ ఓడ ఇంకా సముద్రం మీదే ఉంది! ఆ నేల సొంతదారులైన మావోరీల పేరిట 110 భాగాలు పక్కన పెట్టారు గాని, వాళ్లను అడిగినవారు లేరు. పాలివాళ్లంతా ఎదుట కూర్చుంటేనే చీటీకి న్యాయం. సొంతదారులు లేకుండా తీసిన చీటీని నేను పంపకం అనలేను.

1870లో న్యూజిలాండ్‌లో భూమి బదిలీ చట్టం వచ్చి, హక్కులు ప్రభుత్వ రిజిస్టరుకెక్కాయి. 1987 ఆగస్టు 1న దేశంలో ‘లాటో’ లాటరీ తొలి డ్రా జరిగింది. చీటీ ఈసారి ఆటయింది.

నేల లెక్క మాత్రం తేలలేదు. అదే కంపెనీ వెలయించిన నెల్సన్ పట్నంలో మావోరీలకు ఇస్తామన్న పదో వంతు భూమిని ఎన్నడూ పూర్తిగా ఇవ్వలేదు. ఆ భూముల విషయంలో అసలు సొంతదారుల పట్ల ప్రభుత్వానికి ధర్మకర్త బాధ్యత ఉందని న్యూజిలాండ్ సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది.