గోడకు అటూ ఇటూ ఒకే పేరు

1961 సెప్టెంబరు నాటి ‘ది ఫ్లాష్’ 123వ సంచిక అట్ట మీద మధ్యలో ఒక గోడ. ఇటు నుంచి ఎర్ర దుస్తుల వీరుడొకడు, అటు నుంచి రెక్కల ఇనుప టోపీ పెట్టుకున్న వీరుడొకడు, ప్రమాదంలో ఉన్న ఒకే మనిషి కోసం పరుగెత్తుకొస్తున్నారు. గోడ అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. ఇద్దరి పేరూ ఫ్లాషే.

టోపీ వీరుడు జే గారిక్ 1940లో పుట్టాడు. యుద్ధం ముగిశాక అమెరికాలో సూపర్ హీరోలకు గిరాకీ పడిపోయింది, 1949లో అతని పత్రిక మూతపడింది. 1956లో డీసీ కామిక్స్ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాత పేరు ఉంచి మనిషిని మార్చాడు. కొత్త ఫ్లాష్ బారీ ఆలెన్. తమాషా ఏమిటంటే, ఈ బారీకి జే గారిక్ అంటే కామిక్స్‌లో చదువుకున్న హీరో మాత్రమే. అంటే హీరో అయ్యేముందు అతనూ మనలాగే పాఠకుడు!

123వ సంచికలో బారీ పిల్లల ముందు తాడు గారడీ చేస్తూ, మరీ వేగంగా కంపించి మరో భూమ్మీద తేలతాడు. అక్కడ జే గారిక్ నిజం. ఇల్లుంది, భార్య ఉంది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. కథ రాసిన గార్డ్‌నర్ ఫాక్సే ఇరవై ఒక్క ఏళ్ల కిందట జే మొదటి కథ రాసినవాడు.

హీరోలు కలుసుకోవడం అప్పటికి కొత్తేమీ కాదు. 1940లోనే హ్యూమన్ టార్చ్, సబ్-మారినర్ తలపడ్డారు. అదే ఏడాది చివర్లో హీరోల జట్టు జస్టిస్ సొసైటీ ఒకచోట కూర్చుంది. కానీ నాకు ఆ నెరిసిన జుట్టే ముఖ్యం. సూపర్‌మాన్‌కు 1938 నుంచీ వయసు రాలేదు. జే గారిక్‌కు వచ్చింది. 1940లో పదేళ్ల కుర్రాడు 1961లో ఆ పుస్తకం తెరిస్తే, తన హీరో కూడా తనతోపాటు పెద్దవాడయ్యాడు. ఎవరు ఎవర్ని కొట్టారన్నది ఆ తర్వాతి మాట.

ష్వార్ట్జ్ చేసిన ఇంకో చిన్న పని పెద్ద ఫలితమిచ్చింది. పాఠకుల ఉత్తరాలను పూర్తి చిరునామాలతో అచ్చువేశాడు. దాంతో అభిమానులు ఒకరినొకరు వెతుక్కున్నారు. వాళ్లలో ఒకడైన జెర్రీ బెయిల్స్ 1961లో ‘ఆల్టర్ ఇగో’ అనే అభిమానుల పత్రిక పెట్టాడు. అందులో తోడుగా ఉన్న రాయ్ థామస్ తర్వాత డీసీ పోటీ కంపెనీ మార్వెల్‌కు ప్రధాన సంపాదకుడయ్యాడు. డీసీకి వెళ్లాక, 1981లో, తను చిన్నప్పుడు ప్రేమించిన జస్టిస్ సొసైటీ రోజులతోనే ‘ఆల్-స్టార్ స్క్వాడ్రన్’ మొదలుపెట్టాడు.

రెండు కంపెనీల మధ్య గోడ 1976లో పగిలింది. సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ ఒకే పెద్ద సైజు పుస్తకంలోకి వచ్చారు. రాసిన జెర్రీ కాన్వే, గీసిన రాస్ ఆండ్రూ ఇద్దరికీ అప్పటికే రెండు వైపులా అనుభవముంది. చిక్కల్లా ఒకటే: సూపర్‌మాన్ ఒక్క దెబ్బకు స్పైడర్‌మాన్ ఏమవ్వాలి? అందుకని సూపర్‌మాన్ శత్రువు లెక్స్ లూథర్ చేత స్పైడర్‌మాన్‌కు సూపర్‌మాన్ బలం తగ్గించే ఎర్ర సూర్యుడి కిరణాలు సోకించారు. కాసేపు ఉజ్జీ కుదిరింది. పొరపాటున తగాదా, తగాదాలో సరిసమానం, ఆపైన చెలిమి. చిలకమర్తివారి ‘గయోపాఖ్యానం’ ఎరిగిన మనకు ఇది తెలిసిన దారే. గయుడు కృష్ణార్జునులను ఎదురెదురుగా నిలబెట్టినట్టే, ఇక్కడ లూథర్! అభిమానుల కోసం ఎవరినీ ఓడించకుండా యుద్ధం చేయించడం ఎంత కష్టమో మన ఇద్దరు హీరోల సినిమాల దర్శకులను అడగాలి.

డీసీ జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ జట్టు అవెంజర్స్‌ల కలయిక మాత్రం 1983లో కథ దగ్గర కంపెనీలకు కుదరక ఆగిపోయింది. చిత్రకారుడు జార్జ్ పెరెజ్ గీసిన పేజీలు మూలపడ్డాయి. రెండు జట్లనూ విడివిడిగా గీసి పేరు తెచ్చుకున్నవాడు, ఇరవై ఏళ్లు కాచుకున్నాడు. చివరికి 2003-04లో, ఒకప్పుడు సంపాదకులకు ఉత్తరాలు రాసిన అభిమాని కర్ట్ బ్యూసిక్ కథతో, నాలుగు భాగాలుగా అది వచ్చింది. మూడో భాగం అట్ట మీద పెరెజ్ రెండొందలకు పైగా హీరోలను ఇరికించాడు. ఎవరినీ వదిలిపెట్టే మనసు రాలేదు కాబోలు.

ఆయనకు క్యాన్సరని తెలిశాక, కామిక్స్ కళాకారులను ఆదుకునే హీరో ఇనిషియేటివ్ సంస్థ కోసం రెండు కంపెనీలూ మళ్లీ ఒప్పుకుని 7,000 ప్రతులు అచ్చువేశాయి. పుస్తకం 2022 మార్చిలో దుకాణాలకు వచ్చింది. మే 6న పెరెజ్ కన్నుమూశాడు.