జీర్ణోద్ధరణ భావన: చెరువుకట్ట నుంచి గడి దాకా

తెలుగు శాసన వాఙ్మయంలో ‘జీర్ణోద్ధరణ’ ప్రధానంగా గుడికి, చెరువుకు అన్వయించే మాట. సప్తసంతానాలలో తటాకం, దేవాలయం, వనం, కృతి ఉన్నాయి, నివాసగృహం లేదు. చెరువు ఊరికి ఆధారం, ఇల్లు ఒక కుటుంబపు అవసరం అన్న వివేచన ఈ వర్గీకరణలో కనిపిస్తుంది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలు పొందిన తెలంగాణ కట్టడాలు ఈ వివేచనను పునఃపరిశీలించడానికి అవకాశమిస్తున్నాయి. గోల్కొండ మెట్లబావులకు ‘డిస్టింక్షన్’, దోమకొండ కోటకు ‘మెరిట్’ పురస్కారాలు లభించాయి. ఒకటి జలాశ్రయం, మరొకటి సంస్థానాధీశుల నివాసం. నీటి దారిని గుర్తించని గృహోద్ధరణ అసంపూర్ణమని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఈ ఎరుక కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) తటాక నిర్మాణానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టనుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. కూలిన తరువాత చేసే మరమ్మతుకన్న కూలడానికి కారణమయ్యే దోషాన్ని ముందుగా గుర్తించడమే ప్రధానమన్న దృష్టి ఇందులో ఉంది. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు అనుసరించిన మార్గమూ ఇదే. వేల ఇళ్లు నేలమట్టమైన నగరానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన పరిష్కారం ఎగువన జలాశయాల నిర్మాణం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన ఫలితాలే.

కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని బడీ బావ్లీలో ఒక భాగం 2013లో భారీ వర్షాలకు కూలిపోయింది. అదే ఏడాది రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు అక్కడ పరిరక్షణ కార్యక్రమం చేపట్టింది. పూడిక తీసి, కూలిన రాతికట్టడాన్ని తిరిగి నిలిపిన తరువాత బావి మళ్లీ వాననీటిని నిలుపుకొంటున్నది. కట్టడపు రూపంతోపాటు దాని వినియోగమూ తిరిగి వచ్చింది. జీర్ణోద్ధరణకు అసలైన గీటురాయి ఇదే.

దోమకొండ సందర్భం ఇంతకంటె జటిలం. ఇక్కడ ఉపద్రవం ఒక్క రాత్రిలో వచ్చినది కాదు. ఏటేటా వానలకు నాని, ఆదరణ లేక క్రమంగా శిథిలమైన గడి ఇది. ‘షట్చక్రవర్తి చరిత్రము’ రచించిన కామినేని మల్లారెడ్డి వంశంతో ముడిపడిన ఈ సంస్థానానికి సాహిత్య చరిత్రలోనూ స్థానమున్నది. వంశీయుల చొరవతో, వాస్తుశిల్పి అనూరాధా నాయక్ ఆధ్వర్యంలో పునరుద్ధరణ జరిగింది. ఇటువంటి కట్టడాలకు గానుగలో రుబ్బిన డంగుసున్నమే ప్రాణం. సున్నపు గోడ పీల్చిన తేమను తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని, లవణాలు పేరుకొని, పూత పెచ్చులూడుతుంది. దృఢమైనదిగా కనిపించే మరమ్మతే గోడకు హాని చేస్తుంది.

అయితే ‘గడి’ అనే మాటకు తెలంగాణ సాహిత్యంలో మరొక అర్థచ్ఛాయ ఉంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మొదలైన నవలలలో గడి దొరతనానికి, వెట్టిచాకిరికి సంకేతం. గోడలను పూర్వస్థితికి తెచ్చినంత మాత్రాన ఆ స్మృతి చెరగదు, చెరగరాదు కూడ. సున్నం రుబ్బిన చేతులను, వెట్టి చేసిన బతుకులను కూడ గడి చరిత్రలో చేర్చినప్పుడే ఉద్ధరణ సమగ్రమవుతుంది.

నేడు ఈ చర్చకు నల్లగండ్ల వంటి ప్రాంతాలు తక్షణ సందర్భం. పాత చెరువు చుట్టూ బహుళ అంతస్తుల నివాసాలు లేచిన ఈ ఊరిలో ఇంటి భద్రతను చెరువు భద్రతనుంచి విడదీయలేము. అలుగు పారే దారి మూసుకుపోతే ఎంత గట్టి పునాదికైనా ముంపు తప్పదు. సప్తసంతానాలలో ఇంటికి చోటివ్వకపోయినా తటాకానికి స్థానమిచ్చిన పూర్వుల దృష్టి, ఆ విధంగా, ఇంటినీ కాపాడే దృష్టే.